తీతువు ఇల్లు ఎందుకు కట్టుకోదు

ఒకప్పుడు తీతువు పిట్టకు ఇల్లుండేది. ఏటి ఒడ్డున, గులకరాళ్ల మధ్య, బంకమట్టి గోడలు, రెల్లుగడ్డి కప్పు, గుమ్మానికి అడ్డంగా ఒక గుండ్రాయి.

గొంతు కూడా ఉండేది. కానీ దాన్ని బయటికి రానిచ్చేవాళ్లు కాదు. ఆడపిట్ట గొంతు గడప దాటకూడదని ఆ ఒడ్డున ఆచారం. మగపిట్టలు పెట్టిన ఆచారం. వాళ్లు మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇసుకలో కూర్చుని ఒకరిమీద ఒకరు అరుచుకునేవాళ్లు. దాన్ని మాట్లాడుకోవడం అనేవాళ్లు.

ఆ వేసవిలో ఒడ్డుమీదికి ఒక ఉడుము వచ్చింది.

మొదట పూరేడు పిట్ట ఇల్లు పోయింది. ఉడుము గోడ తవ్వి, గుడ్లన్నీ తాగేసి, ఖాళీ పెంకులు గుమ్మంలోనే వదిలి వెళ్లింది. ఆ తర్వాత లకుముకి పిట్ట బొరియ పోయింది.

"నువ్వు లోపలే ఉన్నావట కదా. అరవలేదా?" అని గోడ సందులోంచి పూరేడుని గుసగుసగా అడిగింది తీతువు.

"ఎలా అరుస్తానక్కా?" అంది పూరేడు. "మా ఆయన ఇంట్లో లేడు. ఆయన లేనప్పుడు నా గొంతు వినబడితే నలుగురూ ఏమనుకుంటారు? మూలకి నక్కి కూర్చున్నాను. అది గుడ్లు తాగుతుంటే ఆ చప్పుడు వింటూ కూర్చున్నాను."

తీతువు కడుపు కింద నాలుగు గుడ్లున్నాయి.

మగపిట్టలు సభ పెట్టారు. ఇళ్ల చుట్టూ కంచెలు వెయ్యాలనీ, ఆడవాళ్లు లోపల మరీ కిక్కురుమనకుండా ఉండాలనీ తీర్మానించారు. మగ తీతువు అందరికంటే ముందు లేచాడు. తుమ్మకొమ్మలు ఈడ్చుకొచ్చి ఇంటిచుట్టూ కంచె కట్టాడు. దానిమీద ఇంకో వరస కట్టాడు. ఒడ్డంతా చూడటానికి వచ్చింది.

"ఏం కంచె బావా, ఏనుగు కూడా దూరలేదు," అన్నాడు మగ లకుముకి.

"ఊరికే వేస్తానా మరి? లోపల నాలుగున్నాయి," అన్నాడు మగ తీతువు.

వచ్చిన ప్రతివాడికీ అదే చెప్పాడు. కొంగకి చెప్పాడు. కాకికి చెప్పాడు. కాకికి చెప్పాక ఇంకెవరికీ చెప్పనక్కర్లేకపోయింది.

"ఏమయ్యా, ఈ కంచె గుడ్లు దాచడానికా, చూపించుకోవడానికా?" అని లోపల్నుంచి అడిగింది తీతువు.

"నీకేం తెలుసే? నోరు మూసుకుని పొదుగు. చప్పుడు వింటే దొంగ వస్తాడు."

"మరి నువ్వు అరుస్తున్నావుగా?"

"నేను మాట్లాడుతున్నాను," అన్నాడు మగ తీతువు.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతోంది. గుడ్లు ఉడికిపోతాయేమోనని, రొమ్ము ఈకలు తడుపుకొచ్చి చల్లబరుస్తానని మగ తీతువు ఏట్లోకి వెళ్లాడు. అక్కడ కొంగ కనబడింది. కంచె మాట వచ్చింది. ఇంక కదల్లేదు.

ఇంట్లో తీతువు ఒక్కతే ఉంది. గాలి లేదు. పిట్టలన్నీ నీడల్లోకి పోయాయి. ఒడ్డంతా చడీచప్పుడూ లేదు.

అప్పుడు కంచెలో ఒక కొమ్మ కదిలింది.

తర్వాత గోడ అవతల ఏదో రాసుకుంటూ నడిచింది. బరువైన తోక ఇసుకమీద ఈడ్చుకుంటూ పోతున్న చప్పుడు. చప్పుడు ఇంటిచుట్టూ తిరిగింది. ఆగింది. గోడ పగుల్లోంచి రెండుగా చీలిన నల్లని నాలుక లోపలికి వచ్చి, గాలిని తడిమి, వెనక్కి పోయింది.

"ఉన్నావా తల్లీ లోపల?" అంది ఉడుము మెల్లగా. "ఒడ్డంతా వెతుక్కోవాలేమో అనుకున్నాను. మీ ఆయన పుణ్యమా అని ఆ శ్రమ తప్పింది. ఇంత కంచె ఉందంటే సొమ్ము ఇక్కడే అనుకున్నా."

తీతువు గుడ్లమీదికి ఇంకాస్త ఒదిగింది.

"అరవవులే. ఇక్కడ ఆడవాళ్లు అరవరటగా. మంచి ఆచారం. అది పెట్టినవాళ్లు చల్లగా ఉండాలి," అంటూ ఉడుము తవ్వడం మొదలుపెట్టింది.

మట్టి రాలి గుడ్లమీద పడింది. ఒక గోరు లోపలికి వచ్చింది. రెండో గోరు వచ్చింది. తీతువు కాళ్లు వణికాయి. రెక్కలు వణికాయి. ఆ వణుకు కడుపులోంచి పైకి పాకి, గొంతులో అడ్డం పడి, ఇక ఆగలేక బయటికి వచ్చేసింది.

అరిచింది. కప్పు చీల్చుకుని ఎగిరింది. అది తన గొంతేనని ఆమెకే తెలియలేదు. ఎటు పోతోందో కూడా తెలియకుండా దూరంగా ఒక ఉత్త పొదపక్కన పడి, ముళ్లలో రెక్క చిక్కి, గిలగిల్లాడుతూ అరిచింది.

ఉడుము తవ్వడం ఆపి తల తిప్పి చూసింది.

"గుడ్లు ఇక్కడుంటే తల్లి అక్కడెందుకు ఏడుస్తుంది?" అనుకుంది. "కంచె ఉత్తుత్తిదన్నమాట. సొమ్ము ఆ పొదలో ఉంది."

అది గోళ్లు వెనక్కి లాక్కునేసరికి గోడ బయటివైపుకి విరిగి పడింది. ఉడుము వెనక్కి కూడా చూడలేదు. నేరుగా పొదకేసి వచ్చింది.

తీతువు రెక్క విడిపించుకుంది. ఎగిరిపోవచ్చు. ఎగిరిపోతే అది మళ్లీ ఇంటికి పోతుంది. అందుకని రెక్క విరిగినట్టే వేలాడేసి, కుంటుతూ, అరుస్తూ, ఉడుము ముందే నడిచింది. దాని నాలుక తోకని తాకబోయేదాకా ఆగింది. అప్పుడు ఎగిరి ఇంకాస్త దూరంలో దిగింది. మళ్లీ కుంటింది. అలా ఏటి మలుపు దాటించింది.

మగ తీతువు రొమ్ము తడుపుకుని పరుగున వచ్చాడు. కంచె చెదిరింది. గోడ లేదు. కప్పు లేదు. నేలంతా వెతికాడు. గులకరాళ్లు తప్ప ఏమీ కనబడలేదు.

"పోయాయి, నాలుగూ పోయాయి," అని కూలబడబోయాడు. తీతువు వచ్చి వాలగానే కోపం తెచ్చుకున్నాడు. "ఆ అరుపేమిటి? ఒడ్డంతా విన్నారు. సిగ్గు లేదూ?"

"కాలు కదపకు," అంది తీతువు. "నీ కుడికాలి పక్కనే ఉన్నాయి."

వంగి చూశాడు. రాళ్ల రంగే, రాళ్లమీది మచ్చలే. గుడ్లు వెచ్చగా ఉన్నాయి.

"ఇల్లు మళ్లీ కడతాను," అన్నాడు తేరుకుని. "ఈసారి మూడు వరసల కంచె."

"పుల్ల తెచ్చావంటే ఊరుకోను. కన్నతండ్రివి, పక్కన నిలబడి కూడా కనిపెట్టలేకపోయావు. దొంగకి మాత్రం ఎలా దొరుకుతాయి?"

"అది మళ్లీ వస్తే?"

"గుడ్లు లేని చోట నిలబడి అరుస్తాను."

"నలుగురూ ఏమంటారే?"

"నా గుడ్లు నలుగురూ పొదుగుతున్నారా?"

మలుపు దగ్గర ఇసుకమీద నల్లగా ఒక తోక కదిలింది.

"నేనేం చెయ్యను?" అన్నాడు మగ తీతువు.

"అటు పోయి అరువు. మాట్లాడకు. అరువు."

ఇద్దరూ చెరోవైపు ఎగిరి అరిచారు. ఉడుము పొద్దుపోయేదాకా ఇటూ అటూ తిరిగి, ఏమీ దొరక్క, ఒడ్డు దాటిపోయింది.

అప్పటినుంచే తీతువు ఇల్లు కట్టుకోవడం మానేసింది. గుడ్లు ఆరుబయట రాళ్లలో రాయిలా పెడుతుంది. భయం మాత్రం ఇప్పటికీ పోలేదు. అడుగు చప్పుడైతే చాలు, ఆడా మగా ఇద్దరూ లేచి, గుడ్లకి దూరంగా పోయి గోల చేస్తారు. ఆ కూత చెవిన పడితే అపశకునం అంటారు కొందరు.

నిజమే, దొంగకి.