ఎగువన ఏడో ఇల్లు

కొండమఠం గురువుగారికి ఒక అలవాటు ఉంది. ఎవరేం అడిగినా జవాబు చెప్పరు, పని చెబుతారు. అందుకే ప్రశ్నలంటే సరదా పడేవాళ్ళు ఆ మఠంలో ఎక్కువ కాలం నిలవరు. పోతురాజు మాత్రం రెండేళ్ళు నిలిచాడు. గోదావరి ఒడ్డున ఇప్పలరేవులో పడవ నడిపినవాడు. పెద్ద ఆనకట్ట కట్టాక ఆ ఊరు మునిగింది. జనాన్ని నదికి ముప్పై మైళ్ళ దూరాన, ఎర్రనేల చదును చేసి కట్టిన కాలనీకి లారీల్లో తరలించారు. పోతురాజు లారీ ఎక్కలేదు. తల్లి అచ్చియమ్మ ఒక్కతే ఎక్కింది.

ఒకనాటి పొద్దున అతను చేతులు కట్టుకుని గురువుగారి ముందు నిలబడ్డాడు.

"స్వామీ, ఊరు వదిలినవాడూ ఊరు పోయినవాడూ ఒకటే కదా? నాకిక వదలడానికేమీ మిగల్లేదు. కాషాయం ఇప్పించండి."

సన్యాసానికి తల్లి అనుమతి కావాలి, అడిగి రమ్మన్నారు గురువుగారు. తెల్లబట్ట కట్టడం ఇదే ఆఖరుసారి అనుకుంటూ పోతురాజు ఉతికిన పంచె కట్టుకుని బయల్దేరాడు.

కాలనీలో మూడు రోజులుగా ముసురు. ఇళ్ళన్నీ ఒకే అచ్చు. వరస మధ్యలో, తన గడప ముందు నిలబడి ఊళ్ళో లాంచీ నడిపిన పాత సరంగు సత్తెయ్య కనిపించాడు. అచ్చియమ్మ ఇల్లేదంటే, ఇక్కణ్ణించి ఎగువన ఏడో ఇల్లు అన్నాడు. పోతురాజుకి ఒళ్ళు మండింది. పళ్ళెంలాంటి నేలకి ఎగువేమిటి, దిగువేమిటి? నది పోయినా వీళ్ళకి మాట పోలేదనుకున్నాడు. అనుకుంటూనే కుడిచేతివైపు నడిచాడు. పాత ఊళ్ళో ఇంటి ముందు నిలబడితే ఎగువ కుడిచేతివైపే ఉండేది. పదడుగులు వేశాక గానీ, కాళ్ళు తనని అడక్కుండానే తిరిగాయని అతనికి తట్టలేదు.

ఇళ్ళ ముందు పొడుగునా కాలువ తవ్వి ఉంది. వాన పడుతున్నా అందులో నీళ్ళు అంతంతమాత్రమే. ఏడో ఇంటి దగ్గర కాలువ ఆగిపోయింది. అక్కడ పదిహేను అడుగుల మేర ఎవరూ పార వెయ్యలేదు. దానికి అవతల వీధి వీధంతా చెరువైంది. ఆడవాళ్ళు చీరలు ఎగ్గట్టుకుని బిందెలతో తిరుగుతున్నారు.

అచ్చియమ్మ కొడుకుని చూసి ఏడ్చింది, కడుపునిండా తిట్టింది, ఆపైన అన్నం పెట్టింది. అతను తింటుంటే కాలువ సంగతి చెప్పింది. మొదటి వానలకే నీళ్ళు ఇళ్ళల్లోకి వచ్చాయి. ఇంజనీరుకి మొర పెట్టుకుంటే నేలకి వాలు లేదన్నాడు. లేకపోతే తవ్వుకుంటామని వీళ్ళు పారలు పట్టారు. ఎవరి గడప ముందు వాళ్ళే తవ్వాలి. ఇప్పలరేవులోనూ వరద తీశాక ఎవరి గుమ్మం ముందు ఒండ్రు వాళ్ళే ఎత్తేవారు. పక్కింటివాడు చెయ్యి వేస్తే ఆ ఇంట్లో మనిషి లేడని ఊరికి చాటినట్టే. అచ్చియమ్మ మోకాళ్ళు పనికి లొంగవని తెలిసి, వీధివాళ్ళు ఆమె వాటా కూడా తవ్వుతామని రెండుసార్లు వచ్చారు. రెండుసార్లూ ఆమె అడ్డం నిలబడింది.

"మావోడు పోలేదు, రాలేదంతే అన్నాను. పైనున్నోళ్ళు మోకాల్లోతు నీళ్ళలో తిరుగుతున్నారు గానీ, మన ముందు ఒక్కళ్ళూ పార ఎయ్యలేదురా."

పోతురాజు కంచం ముందునుంచి లేచాడు. రెండేళ్ళు ఆనకట్ట కట్టినవాళ్ళని తిట్టుకుంటూ గడిపాడు. ఈ పదిహేను అడుగుల కట్ట ఎవరిదో ఇప్పుడు ఎవరినీ అడగక్కర్లేదు. చెయ్యి కడుక్కుని, సత్తెయ్య దగ్గరికి వెళ్ళి పార అడిగి తెచ్చుకున్నాడు.

సాయంత్రానికి కట్ట తెగింది. ఎర్రనీళ్ళు ఒక్క ఉరుకున దిగువకి పోయాయి. జనం గడపల్లోకి వచ్చి, రేవుకి లాంచీ వస్తుంటే చూసినట్టు చూశారు. "వస్తన్నాయి," అని దిగువనుంచి సత్తెయ్య కేక వినిపించింది. గోదావరి తిరిగి రాలేదు, వస్తుందని ఎవరూ అనుకోవడమూ లేదు. అయినా ఆ సాయంత్రం కాలనీలో ఎగువ నిజంగా ఎగువే అయింది. అనుమతి అడగాలన్న సంగతి పోతురాజుకి గుర్తే రాలేదు.

మర్నాడు మఠానికి వచ్చి, బురద కాళ్ళతోనే గురువుగారికి మొక్కాడు. అమ్మని అడగలేదనీ, ఇక అడగననీ, కాలువ కొస ఇంకా తవ్వాలి గనక సాయంత్రం బస్సుకే పోవాలనీ చెప్పాడు.

గురువుగారు అతని పంచె వంక చూశారు. అంచు నుంచి నడుం దాకా ఎర్రమట్టి పట్టి ఉంది.

"రంగు బాగా పట్టింది," అన్నారు. "ఉతకకు నాయనా."