పిలిస్తే పలకని అడవిపుంజు

ఒకప్పుడు అడవిపుంజుకు నోరు మూసుకోవడం తెలియదు. తెల్లారి కళ్ళు తెరిచింది మొదలు, సాయంత్రం కొమ్మెక్కి ముడుచుకునేదాకా వాగుతూనే ఉండేది. పురుగు దొరికితే ఒక కూత, దొరకకపోతే ఇంకో కూత. మరి అంత వాగుడుకాయ ఇప్పుడిలా ఎందుకయిందో చెబుతాను. మధ్యలో ఎవరు ఎవర్ని పిలిచారో నాకే కాస్త తికమకగా ఉంటుంది, ఓపిగ్గా వినండి.

ఆ రోజుల్లో కోళ్ళ కాపురాల్లో ఒక పద్ధతి ఉండేది. పెట్ట తన మొగుణ్ణి పేరు పెట్టి పిలవకూడదు. పిలిస్తే మొగుడి ఆయుష్షు తగ్గిపోతుందని వాటి భయం. అందుకని అడవిలో ఉన్న ప్రతి పెట్టా "ఏమయ్యోయ్" అనే పిలిచేది. పుంజు ఎక్కడున్నా సరే, "ఓయ్, వస్తున్నా" అని గట్టిగా పలికి పరుగెత్తేది. పలక్కుండా వెళితే మర్యాద కాదు. ఒక్కోసారి ఒకే పిలుపుకి ఇద్దరు ముగ్గురు మొగుళ్ళు వచ్చి పడేవాళ్ళు. ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుని, సిగ్గుపడి, వెనక్కి పోయేవాళ్ళు. అంతకు మించి నష్టమేమీ ఉండేది కాదు.

ఆ అడవి ఏ ఒక్కరిదీ కాదు. కొండ కింది గూడేలన్నిటికీ ఉమ్మడి. కట్టెలకి వచ్చేవాళ్ళు వస్తారు, తేనెకి వచ్చేవాళ్ళు వస్తారు, రావద్దనడానికి ఎవరికీ హక్కు లేదు. ఒకరోజు ముత్తిరెడ్డి అనే వేటగాడు పొద పక్కన కూర్చుని ఉడకబెట్టిన దుంపలు తింటున్నాడు. దగ్గర్లో ఒక పెట్ట మొగుణ్ణి పిలిచింది. ముత్తిరెడ్డికి సరదా పుట్టి, తనూ గొంతు సన్నం చేసి "ఏమయ్యోయ్" అన్నాడు. అంతే, ఒక పుంజు "ఓయ్" అంటూ వచ్చి నేరుగా అతని ఒళ్ళో పడింది.

మర్నాటినుంచి ముత్తిరెడ్డి ఉచ్చులు పన్ని, వాటి వెనక కూర్చుని, పెళ్ళాంలా పిలవడం మొదలుపెట్టాడు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. సంతలో నలుగురికీ చెప్పుకుని మురిసిపోయాడు. ఇంకేముంది, గూడేలన్నీ అడవిలోకి దిగాయి. పొదకొక మనిషి, మనిషికొక "ఏమయ్యోయ్".

ఇక ఆ గందరగోళం ఏం చెప్పమంటారు! ఒకనాడు ముత్తిరెడ్డి పెట్టలా పిలిచాడు. అవతలి పొదలో ఉన్న లచ్చిరెడ్డి, అది నిజం పెట్టే అనుకుని, దాన్ని రప్పించడానికి పుంజులా "ఓయ్" అన్నాడు. ఇద్దరూ లొట్టలేసుకుంటూ ఒకరివైపు ఒకరు పాక్కుంటూ పోయారు. చివరికి లచ్చిరెడ్డి ఉచ్చులో ముత్తిరెడ్డి కాలు పడింది.

"ఏటి బావా, నువ్వా పుంజువి?" అన్నాడు ముత్తిరెడ్డి, కాలు పట్టుకుని.

"నువ్వే గదా మొగుణ్ణి పిలిచావు. నాను పలికాను," అన్నాడు లచ్చిరెడ్డి.

మనుషుల సంగతే ఇలా ఉంటే పాపం కోళ్ళ సంగతేమిటి? ఆ అడవిలో మోదుగయ్య అని ఒక పుంజు ఉండేవాడు. మోదుగపువ్వు రంగు మెడ, మంచి గొంతు, కొంచెం భయం ఎక్కువ. అతని పెళ్ళాం పొడలమ్మ అప్పుడు వెదురు పొదల కింద గుడ్లు పొదుగుతోంది. మోదుగయ్య కళ్ళ ముందే అతని అన్నలూ బావలూ "ఓయ్" అంటూ వెళ్ళారు. ఒక్కళ్ళూ తిరిగి రాలేదు. వాళ్ళను పిలిచింది ఎవరో, వాళ్ళెక్కడికి పోయారో అతనికి అంతుపట్టలేదు.

ఆలోచించి ఆలోచించి పెళ్ళాం దగ్గరికి వెళ్ళి, ఇకనుంచి తనను పేరు పెట్టి పిలవమని బతిమాలాడు. పొడలమ్మ ముక్కు మీద రెక్క వేసుకుంది.

"పేరు పెట్టి పిలవనా? నీ ఆయుష్షు ఏం కావాలి?" అంది.

పేరు పిలవకపోతేనే ఆయుష్షు తీరేలా ఉందని అతను చెప్పబోయాడు. ఆమె వినలేదు. అతనికే తన మాట సరైనదో కాదో తెలియక, తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఒకనాటి ఉదయం మోదుగయ్య గింజలు ఏరుకుంటుండగా "ఏమయ్యోయ్" అని వినిపించింది. ఈసారి పిలిచింది నిజంగా పొడలమ్మే. ఒక ఉడుము గుడ్ల మీదికి వచ్చింది. ఆమెకు గూడు వదిలే వీల్లేదు, దాన్ని తరిమే బలమూ లేదు.

మోదుగయ్య అలవాటు కొద్దీ "ఓయ్" అనేశాడు. వెంటనే తూర్పు పొద "ఏమయ్యోయ్" అంది. పడమటి పొద ఇంకా ప్రేమగా అంది. వాగు పక్కనుంచి ఒకటి, గుట్ట మీదనుంచి ఒకటి. అన్నీ పెళ్ళాలే! అతను ఒక కాలు ఎత్తాడు. అటు పెట్టబోయి ఆగాడు. ఇటు పెట్టబోయి ఆగాడు. తల పక్కకు వంచి విన్నాడు. వెళితే చస్తానేమో, వెళ్ళకపోతే పొడలమ్మ ఏమవుతుందో. ఎత్తిన కాలు గాల్లోనే ఉండిపోయింది. ఏడుపొచ్చింది.

అప్పుడు వెదురు పొదల్లోంచి ఎప్పుడూ ఏ పెట్టా అనని మాట వచ్చింది.

"మోదుగయ్యా!"

పెళ్ళాం నోట తన పేరు వినడం అదే మొదలు. ఆ ఆశ్చర్యంలో అతను "ఓయ్" అనడమే మరిచిపోయాడు. నోరు తెరవకుండా పరుగెత్తాడు. ముత్తిరెడ్డి వెనకనుంచే పోయాడు. పలుకుతాడేమోనని చెవులు రిక్కించి కూర్చున్న ముత్తిరెడ్డి వెనక్కి తిరిగి చూడనే లేదు.

మోదుగయ్య కాలి ముల్లుతో ఉడుము వీపు చీరాడు. అది పారిపోయింది. కానీ అప్పటికే సగం గుడ్లు పోయాయి. పొడలమ్మ మిగిలిన గుడ్ల మీద కూర్చుని, "ఇంతసేపా?" అని మాత్రం అడిగింది.

పోనీ, ఇకనుంచి పేర్లతో పిలుచుకుంటే సరిపోతుందిలే అనుకున్నారు ఇద్దరూ. కానీ ముత్తిరెడ్డికీ చెవులున్నాయి కదా! మర్నాడు తెల్లారేసరికి ప్రతి పొదా "మోదుగయ్యా, మోదుగయ్యా" అని పిలవసాగింది. కొమ్మ మీదున్న మోదుగయ్య అన్నీ విన్నాడు. దిగి, చప్పుడు చేయకుండా, చుట్టు తిరిగి గూటి దగ్గరికి వెళ్ళాడు.

"ఇకమీదట నువ్వు పిలిచినా నేను పలకను. నడిచి వస్తాను. నువ్వేనని చూశాకే దగ్గరికి వస్తాను," అన్నాడు.

"పలకకపోతే నువ్వు వస్తున్నట్టు నాకెలా తెలుస్తుంది?"

"తెలీదు."

పొడలమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నువ్వు అసలు ఉన్నావో లేవో అయినా తెలియాలి కదా అంది. అందుకతను, తెల్లారగానే, ఉచ్చులు అందని కొమ్మ మీదినుంచి ఒకసారి గట్టిగా కూస్తానన్నాడు. ఆ కూతకు అర్థం, ఈ పూటకి బతికే ఉన్నానని. మిగిలిన పుంజులకూ ఈ మాట నచ్చింది.

అప్పటినుంచే అడవిపుంజు తెల్లవారుజామున కొమ్మ మీద ఉన్నప్పుడే కూస్తుంది. కాలు నేల మీద పెట్టాక ఎవరు పిలిచినా పలకదు. పెట్ట మాత్రం పొదల్లోంచి ఇప్పటికీ పిలుస్తూనే ఉంటుంది. ఆ పిలుపు వినగానే పుంజు ఒక కాలు ఎత్తి, తల పక్కకు వంచి, చాలాసేపు అలాగే నిలబడిపోతుంది. పిలిచింది పెళ్ళామో కాదో దానికి ఈనాటికీ తెలియదు.