తల ఊపిన తొండ

ఒకప్పుడు తొండ మెడ నాలుగు వైపులా తిరిగేది. అవునంటే కిందికీ పైకీ ఊపేది, కాదంటే పక్కకి తిప్పేది. ఒళ్ళంతా ఒకటే మట్టి రంగు.

ఆ రోజుల్లో కృష్ణ ఒడ్డున ఒక కొండమీద నందిసేనుడనే బౌద్ధ భిక్షువు ఉండేవాడు. సాయంత్రం కాగానే బండమీద కూర్చుని జంతువులకి మంచి మాటలు చెప్పేవాడు. "మెల్లగానైనా సరే, ప్రయత్నం మానకండి. ఎదుటివాడు బాధలో ఉంటే ముందు చెయ్యి అందించండి," అనేవాడు.

ముందు వరసలో తొండ! ఆయన నోరు తెరవకముందే తల ఊపేది. గంగిరెద్దు కూడా సిగ్గుపడాలి, అంత ఊపుడు. ఉడుత మాత్రం వెనకెక్కడో కూర్చుని, "స్వామీ, అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి," అని ప్రాణం తీసేది.

'దీని బుర్రనిండా గడ్డే,' అనుకునేది తొండ. తనకో? పాఠాలన్నీ కంఠతా! తనలాంటి శిష్యుడు ఈ కొండమీద ఇంకొకడు లేడని దాని గట్టి నమ్మకం.

ఒక వేసవి మధ్యాహ్నం తొండ బండమీద హాయిగా పడుకుని ఉంది. పక్కనే ఎవరో మూలిగారు. చూస్తే నత్త! పాపం, మొన్నటి పాఠం విందామని బయలుదేరి, ఇప్పటికి సగం బండ దాటింది. ఒంట్లో తడి ఆరిపోయి ఇక కదలలేకపోతోంది.

"తొండన్నా, చచ్చిపోయేలా ఉన్నాను. ఆ నీడలో తడి నాచు దాకా కాస్త నెట్టవూ?"

తొండ తల ఊపింది. "తప్పకుండా నెట్టాలమ్మా! దాన్నే కరుణ అంటారు."

"అయితే నెట్టు అన్నా."

"కరుణ ఎంత గొప్పదో తెలుసా? మొదటినుంచీ చెబుతాను, విను." అంటూ తొండ పాఠమంతా అప్పజెప్పింది. తన మాటకి తనే తల ఊపుకుంది. నత్త గొంతు సన్నగిల్లింది, తొండ గొంతు పెరిగింది. కాలు మాత్రం కదల్లేదు.

ఇంతలో ఉడుత అటుగా వచ్చింది. ఒక్క మాటా అనకుండా ముక్కుతో నత్తని దొర్లించుకుంటూ పోయి నాచులో పడేసింది. కాసేపటికి నత్త కొమ్ములు మెల్లగా బయటికొచ్చాయి. బతికింది!

అలికిడి విని భిక్షువు వచ్చాడు. "నత్త బాధ చూశావా?" అని తొండని అడిగాడు. తొండ తల ఊపింది.

"ఏం చెయ్యాలో తెలుసా?" ఇంకా గట్టిగా ఊపింది.

"మరి చేశావా?"

తొండ తల పక్కకి తిప్పబోయింది. తిరగలేదు! అన్నిటికీ అవునని ఊపీ ఊపీ మెడ అలాగే బిగుసుకుపోయింది. తల మళ్ళీ కిందికీ పైకీ ఊగింది. అదిగో, ముగ్గురి ముందూ పచ్చి అబద్ధం! ఉడుత పకపకా నవ్వింది. తొండ మెడ సిగ్గుతో ఎర్రగా కందిపోయింది.

భిక్షువు తిట్టలేదు. "పోనీలే, ఈసారైనా నెట్టు," అన్నాడు.

తొండ తల ఊపింది.

అప్పటినుంచే తొండ గోడమీదా బండమీదా కూర్చుని, ఎవరూ ఏమీ అడగకపోయినా తల ఊపుతూనే ఉంటుంది. ఉండుండి దాని మెడ ఎర్రబడుతుంది. దాన్ని చూసి మనుషులు కూడా తల ఊపడం బాగానే నేర్చుకున్నారు. మెడ ఎర్రబడటం మాత్రం ఇంకా రాలేదు.