పోలీసు కడుపులో దొంగ

ఇంగ్లండులో మూర్‌కోట్ అని ఒక పల్లె. రైలు ఇంకా ఆ పక్కకి రాలేదు గానీ పోలీసు అనే మాట మాత్రం వచ్చేసింది. ఆ పేరు ఊరివాళ్ళు ఎవరికి పెట్టారో తెలుసా? ఒక గోధుమ కట్టకి! కోతలయ్యాక రైతు కట్టలన్నీ బండికెత్తించి, ఒక్కదాన్ని మాత్రం చేను నడిమధ్య నిలబెట్టి పోతాడు. అది నిలబడి ఉన్నంతసేపూ చేలో ఎవరూ కాలు పెట్టకూడదు. అది చేను దాటిందా, ఇక రాలిన గింజంతా ఊరిదే. పేదింటి ఆడవాళ్ళు పరిగె ఏరుకోవచ్చు, వాళ్ళ వెనకాలే బాతులూ కోళ్ళూ దిగొచ్చు. చేతిలో కర్ర లేదు, నెత్తిన టోపీ లేదు, అయినా ఆ పోలీసుని కాదని అడుగేసినవాళ్ళు లేరు.

ఆ ఊళ్ళో తబితమ్మ అని ఒక బాతు. మనం సీమబాతు అంటామే, తెల్లగా, మెడ పొడుగ్గా, ఆ రకం. అక్కడ అంతా సీమే కాబట్టి వాళ్ళకది ఉత్త బాతు. ఆ ఏడు పొదిగిన పిల్లలన్నిటినీ నక్క ఒక్కొక్కటిగా మింగేస్తే, చివరికి నెల్లీ ఒక్కతే మిగిలింది. అదీ ఎముకల గూడు. చలి దిగేలోగా నాలుగు గింజలు తిని ఒళ్ళు పట్టకపోతే పిల్ల దక్కదని తబితమ్మకి తెలుసు. అందుకే తెల్లారగానే దాన్ని వెంటేసుకుని అడవివైపు గేటు దగ్గర నిలబడింది. ఊరివైపు గేటు దగ్గర ఆడవాళ్ళు సంచులతో కూర్చున్నారు. అక్కడికెళ్తే కాపలా కుక్క టింకర్ తరుముతాడు.

తబితమ్మకి తెలియనిది మీకు చెప్పేస్తున్నా. తెల్లవారుజామునే నక్క వచ్చి ఆ గోధుమ కట్టలో దూరి కూర్చుంది. గింజల కోసం బాతులు రాక తప్పదు, చేలో ఉన్న చాటు అదొక్కటే. అడవి నక్కకి ఊరి పద్ధతులేం తెలుసు! వాటా ఇస్తానని ఒక కాకిని కూడా తోడు పెట్టుకుంది.

"ఏం తబితా వదినా, మేకు కొట్టినట్టు అక్కడే నిలబడ్డావ్? పరిగె ఏరుకొమ్మని ఊళ్ళో గంట మోగి ఎంతసేపైంది!" అంది కాకి గేటు మీద వాలి.

"మోగితే? పోలీసు నిలబడే ఉన్నాడుగా."

"పోలీసట, పోలీసు! గడ్డికట్టకి భయపడే బాతుని నిన్నే చూశా. కరుస్తుందా ఏంటి?"

"కరవదు కాకమ్మా. నేను ముందు దిగితే ఆ ఆడవాళ్ళ పిల్లలకి గింజ మిగలదు, వాళ్ళు ముందు దిగితే నా పిల్లకి మిగలదు. అందుకే అది అక్కడుంది."

"అబ్బో, నీతులు! నీతులు తిని బతుకుతుందా నీ పిల్ల? చూడు దాని వాలకం, గాలేస్తే ఎగిరిపోయేలా ఉంది."

"నా పిల్ల మీద నీకెందుకే ఇంత ప్రేమ?" అని తబితమ్మ కాకితో వాదనకి దిగింది. ఆ సందులో నెల్లీ గేటు కిందనుంచి దూరి చేలోకి పోయింది.

"నెల్లీ! వెనక్కి రావే!"

"ఒక్క గింజమ్మా! ఇదిగో, ఇంకొక్కటి!"

ఒక్కో గింజా ఏరుకుంటూ కట్టవైపే పోతోంది పిల్ల. "అక్కడే ఆగు! ఇంకో అడుగేశావంటే కాళ్ళు విరగ్గొడతా!" అని తబితమ్మ అరిచింది. నెల్లీ బెదిరి, చేను సగంలో, కోసిన గోధుమ కొయ్యకాళ్ళ మధ్య కూలబడింది.

కాకి ఎగిరి కట్ట మీద వాలి, "తల్లి గేటు దగ్గర్నుంచి కదలదురోయ్. నీ కట్ట ఇక్కడున్నంతసేపూ ఎవరూ లోపలికి రారట. ఊరి కట్టుబాటట," అని గుసగుసలాడింది.

"ముందే చెప్పొద్దూ, దరిద్రమా!"

"నువ్వడిగావా?"

నక్క పళ్ళు కొరికింది. బయటికి దూకితే టింకర్ కంట పడుతుంది. "సరే, వాళ్ళు రాకపోతే మనమే వెళ్దాం," అని కట్టని వీపు మీదకెత్తుకుని మెల్లగా జరగడం మొదలుపెట్టింది.

"అమ్మా! పోలీసు నడుస్తున్నాడే!" అంది నెల్లీ.

తబితమ్మ చూసింది. కట్ట కింద నక్క కాళ్ళు! కంచే చేను మేస్తుందని విన్నాం గానీ, కంచే పిల్లని మింగడానికి రావడం ఎక్కడైనా ఉందా? తను గేటు దాటి పరుగెత్తినా నక్కకి ఇద్దరూ దొరుకుతారు, అంతే. పిల్లేమో బిగుసుకుపోయి కదలడం లేదు.

"టింకరయ్యా! నక్క! నక్క!"

టింకర్ ఒక కన్ను తెరిచాడు. "నీకు ప్రతిరోజూ నక్కేగా! అయినా పిల్లని చేలోకి వదిలిందెవరు? ఇద్దర్నీ బందెలదొడ్డిలో పెట్టిస్తా," అని మళ్ళీ కన్ను మూశాడు.

కట్ట ఇంకాస్త జరిగింది. పిల్లకీ దానికీ మధ్య ఇక బారెడు దూరం లేదు. ఏడుపు ముంచుకొస్తున్నా తబితమ్మ బుర్ర మాత్రం పనిచేసింది. వీడు ప్రాణం పోతుందంటే లేవడు, పరువు పోతుందంటేనే లేస్తాడు!

"టింకరూ! నీ పోలీసుని ఎవడో ఎత్తుకుపోతున్నాడు!"

"ఏంటీ! నా కాపలాలోనా?"

ఒక్క గెంతులో చేలో పడ్డాడు. వెనకాలే ఆడవాళ్ళు, చేతికందిన కర్ర పట్టుకుని, "పోలీసుని పట్టుకుపోతున్నాడర్రా దొంగవెధవ!" అని కేకలు. నక్క కట్ట విదిలించుకుని పారిపోదామనుకుంది. కానీ కట్టకి చుట్టిన గడ్డి మోకు జారి దాని మెడకే బిగిసింది. కళ్ళు కనపడవు, కాళ్ళు సాగవు, వీపు మీద దెబ్బలు ఆగవు. కట్టతో సహా ముళ్ళకంచెలో పడి, దొర్లి, చేను దాటి అడవిలోకి ఉరికింది. కాకి ఎటు పోయిందో అయిపు లేదు.

ఆడవాళ్ళకి పెద్ద అయిన హన్నమ్మ చెయ్యెత్తి, "పోలీసు చేను దాటాడు! ఇక దిగండే!" అంది. ఒక్కసారిగా చేనంతా సందడి.

టింకర్ రొప్పుతూ వచ్చి, "నక్క అని ముందే చెప్పొచ్చుగా?" అన్నాడు.

"చెప్పాను నాయనా," అంది తబితమ్మ, పిల్లని రెక్క కిందకి లాక్కుంటూ. నెల్లీ అక్కడినుంచే మెడ సాచి గింజలు ఏరుకుంది.

అడవిలో నక్క ఆ గడ్డి మోకు కొరుక్కుంటూ కూర్చుంది. చేలోంచి ఆడవాళ్ళ నవ్వులు వినపడుతున్నాయి. ఊరంతటికీ చేను తెరిచిపెట్టింది తనేనని, పాపం, దానికి అప్పటికీ తెలియలేదు.

ఊరి కట్టు తెలియని జిత్తు, మెడకి బిగిసే కట్టు.