ఏటి అవతలి తేనెపట్టులో వాటా

వేరుశనగ చేలను ఒరుసుకుంటూ ఒక ఏరు పారేది. దాని అవతలి ఒడ్డున ఎలుగుబంట్ల అడవి. అక్కడి తేనెపట్టుల్లో వాటా కొన్నవారికి కోత కోతకూ తేనె అందుతుందని తెలిసిన నాటినుంచి ఇవతలి జంతువులకు కంటిమీద కునుకు లేదు. అయితే ఎలుగుబంట్లు దళారులతో తప్ప బేరమాడవు. ఈ ఒడ్డున దళారులు ఇద్దరే: స్థిరపాదుడనే తాబేలు, మధువచనుడనే నక్క.

సంచయుడనే పందికొక్కు వానాకాలానికి బొరియ నిండా వేరుశనగ కాయలు దాచుకున్నాడు. బేరంలో తనను మించినవాడు లేడని అతడి గట్టి నమ్మకం. ముందుగా తాబేలును కలిశాడు.

"నీ కమీషన్ ఎంత?"

"కొన్నప్పుడు నూటికి రెండు కాయలు, అమ్మినప్పుడు రెండు. అవతల చెల్లేవి గవ్వలు కదా నాయనా, మీ కాయలను సంత ధరకే గవ్వలుగా మారుస్తాను."

"ఒకటి చేసుకో."

"కుదరదు."

"అంత బిగువైతే నీ చిప్పలోనే కూర్చో" అని సంచయుడు నక్క ఇంటికి నడిచాడు.

"మీ దగ్గర కమీషనా బావగారూ? ఆ మాట నా నోట రాదు" అన్నాడు మధువచనుడు.

సంచయుడు పొంగిపోతూ ఇంటికి వచ్చాడు. అతడి భార్య ధరణి అంతా విని, "గవ్వలు ఏ ధరకు ఇస్తాడో అడిగారా?" అంది.

"ఊరికే పని చేసిపెట్టేవాణ్ణి అలా నిలదీయడం మర్యాద కాదు."

సంతలో నూరు కాయలకు నూరు గవ్వలు వస్తుంటే, నక్క ఎనభై అయిదు ఇచ్చేవాడు. తిరిగి కాయలుగా మార్చేటప్పుడు మరికొంత కోసేవాడు. కమీషన్ లేదన్న ధీమాతో సంచయుడు పొద్దున కొన్న వాటా సాయంత్రానికి అమ్మేవాడు, మర్నాడు మళ్ళీ కొనేవాడు. తేనె ధర పెరుగుతూనే ఉంది. బొరియలో కాయలు తరుగుతూనే ఉన్నాయి.

"ఇదేమిటి బావా?" అని సంచయుడు చివరికి నక్కను అడిగాడు.

"పెద్ద బేరాలకు పుట్టినవారు చిల్లర వాటాలతో ఆగిపోతే ఇంతే. ముందస్తు బేరం చేయండి. అవతలి అడవిలో రాబోయే ఇప్పపూల పంటకు ఈరోజే ధర కుదుర్చుకుందాం. మొత్తం కట్టనక్కర్లేదు, పదోవంతు ధరావతు చాలు."

వెంట వచ్చిన ధరణి, "ధర పడిపోతే?" అంది.

"శుభమా అని బేరం మొదలుపెడుతుంటే అదేం మాట అక్కగారూ?"

సంచయుడు భార్యను కసురుకొని, మిగిలిన కాయలన్నీ ధరావతుగా కట్టేశాడు.

కొన్నాళ్ళకు ఒక ఉదయం ఆకాశం తేటగా ఉంది. ఆ ఏడు ఇప్పపూలు విరగపూస్తాయని పుకారు లేచి ధర పదోవంతు పడిపోయింది. నక్క పరుగున వచ్చాడు.

"మీ ధరావతు హరించుకుపోయింది బావగారూ. మధ్యాహ్నంలోగా మళ్ళీ అంత కట్టకపోతే బేరం తెగిపోతుంది."

"కట్టడానికి ఏముంది? ఉన్నదంతా నీకే ఇచ్చాను కదయ్యా."

బేరం తెగింది. సాయంత్రానికి పుకారు అబద్ధమని తేలి ధర మునుపటికన్నా పైకి ఎగబాకింది. సంచయుడు ఆశగా నక్క గుమ్మం ముందు నిలబడ్డాడు.

"ధర పెరిగింది కదా, నా బేరం?"

"అది మధ్యాహ్నమే ముగిసింది. అయినా నన్ను నిందించకండి. మీ దగ్గర ఒక్క కాయైనా కమీషన్ తీసుకున్నానా?"

సంచయుడు చాలాసేపు ఆలోచించాడు. "లేదు" అని నిజాయితీగా ఒప్పుకున్నాడు.

తొలి వాన కురిసిన రోజున ధరణి పిల్లలను వెంటబెట్టుకొని ఖాళీ బొరియలోంచి బయటికి వచ్చింది.

"మా అన్నయ్య ఇంటికి వెళుతున్నాం. మీరూ రండి. అక్కడ మాత్రం ఎవరికీ బేరాలు నేర్పకండి" అంది.

సంచయుడు తడుస్తూ అందరికన్నా వెనక నడిచాడు.

దళారి ఏది వదులుకుంటున్నాడో విని మురిసిపోయినవాడు, ఏది పట్టుకుపోతున్నాడో ఆలస్యంగా తెలుసుకుంటాడు.