ఇత్తడి గోరింక, ఎర్ర పోగుల చాప

అనగా అనగా, మన తాతలకు తాతలు ఇంకా పుట్టని కాలాన, కురువాడ అనే నగరం ఉండేది. ఆ నగరానికి ఉన్నది ఒక్క రాజవైద్యుడు. పొద్దున్నే ఆయన పల్లకి ఎవరింటికి వెళ్ళాలన్నదాని మీద రోజూ తగవే. కొలువులో చుట్టాలున్నవాళ్ళకే ఆ పల్లకి దక్కేది.

రాజు సుబాహుసేనుడు మంచివాడే. ఆ తగవులకు విసిగి, పల్లకి ఎవరింటికి వెళ్ళాలో చెప్పడానికి మాట్లాడే ఇత్తడి గోరింకను చేయించి కోటలో పెట్టాడు.

"దీనికి చుట్టాలు లేరు, పక్కాలు లేరు. ఇక అన్యాయం ఎలా జరుగుతుంది?" అన్నాడు.

నూరేళ్ళుగా వైద్యశాలలో రాసిన తాటాకులన్నీ దానికి చదివి వినిపించారు. ఎవరికి ఏ జబ్బు చేసిందో, ఏ మందు పనిచేసిందో అంతా దానికి కంఠతా వచ్చింది. ఊరంతా మురిసిపోయింది. ఆ తాటాకుల్లో ఎవరి పేర్లు లేవో మాత్రం ఒక్కరూ అడగలేదు.

ఊరి చివర చిత్తడి నేలల పక్కన జమ్ముపాలెం ఉంది. అక్కడివాళ్ళు జమ్ము కోసి చాపలు అల్లుతారు. నగరమంతా పడుకునేది ఆ చాపల మీదే. ఆ పాలెంలో నూకాలుకు ఒక్కతే కూతురు, ఆరేళ్ళ పోలి.

పోలికి జ్వరం వచ్చింది. నూకాలు కోటకు పరుగెత్తింది.

"ఏ వాడ?" అని అడిగింది గోరింక.

"జమ్ముపాలెం, తల్లీ. పిల్ల ఒళ్ళు కాలిపోతోంది."

"జమ్ముపాలెంలో జబ్బులు లేవు. పక్కకు జరుగు."

ఆ రోజు పల్లకి ఒక వర్తకుడి తలనొప్పికి వెళ్ళింది.

రెండో రోజు నూకాలు పిల్లను భుజాన వేసుకుని వచ్చింది. "నువ్వే చూడు, తల్లీ," అంది. గోరింకకు కళ్ళున్నాయి గానీ అవి పచ్చరాళ్ళు. మళ్ళీ అదే మాట చెప్పింది. పల్లకి దళవాయిగారి జలుబుకు వెళ్ళింది.

మూడో రోజు నూకాలు ఒక్కతే వచ్చింది. చంకలో చుట్టిన చాప ఉంది. పిల్లలూ, పోలి ముందురోజు సాయంత్రమే పోయింది.

"నేను వైద్యుడి కోసం రాలేదు. రాజుగారిని చూడాలి," అంది.

రాజు వచ్చాడు. నూకాలు చాప పరిచింది.

"మహారాజా, మాకు చదువు రాదు. మా పాలెంలో మనిషి పోతే ఈ చాపలో ఒక ఎర్ర పోగు అల్లుతాం. ఇది మా అత్తది, కాన్పులో పోయింది. ఇది మా ఆయనది, పాము కరిచింది. ఇది మా పోలిది. ఇంకా రంగు ఆరలేదు."

చాప సగానికి పైగా ఎర్రగానే ఉంది. రాజు గోరింకవైపు తిరిగాడు.

"అక్కడ జబ్బులు లేవని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు, ప్రభూ. నాకు చదివి వినిపించిన ఆకుల్లో ఆ పాలెం పేరు లేదు. అందుకే అక్కడ జబ్బులే లేవనుకున్నాను."

ముసలి రాజవైద్యుడు తల దించుకున్నాడు. "నేనూ, నా ముందటి వైద్యులూ ఎవరమూ అక్కడ గడప తొక్కలేదు, ప్రభూ. వెళ్ళనిచోటు గురించి ఏం రాస్తాం?"

గోరింకను కరిగించెయ్యమన్నాడు రాజు. నూకాలే అడ్డం వచ్చింది.

"కరిగిస్తే మళ్ళీ చుట్టాల పెత్తనమే వస్తుంది. దానికి మా చాప కూడా వినిపించండి."

పాలెం పెద్దలు ఏడు రోజులు కూర్చుని ఒక్కొక్క పోగు కథా చెప్పారు. ఇకమీదట గోరింక ముందు జబ్బు అడగాలి, వాడ కాదు అని రాజు ఆజ్ఞ వేశాడు. అది ఎవరిని తిప్పి పంపుతోందో చూడటానికి వాడకొక మనిషిని కూర్చోబెట్టాడు. తప్పనిపిస్తే దాని మాట కొట్టేసే హక్కు వాళ్ళకిచ్చాడు.

చివరి పోగు నూకాలే చెప్పింది.

"పోలి. ఆరేళ్ళు. జ్వరం. వైద్యుడు రాలేదు."

గోరింక అప్పజెప్పింది.

"పోలి. ఆరేళ్ళు. జ్వరం. నేను పంపలేదు."

మర్నాడు పల్లకి మొదటిసారి జమ్ముపాలెం వచ్చింది, పక్కింటి పాప కోసం. నూకాలు గుమ్మంలో నిలబడి అది ఆగేదాకా చూసి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

కాబట్టి పిల్లలూ, తీర్పు చెప్పేది మనిషైనా యంత్రమైనా, ఎవరి గోడు దాని చెవిన పడలేదో ముందే అడిగి తెలుసుకోవాలి.