కుందేలు విప్పలేని ఉన్నిజోళ్ళు

ఒకప్పుడు కుందేళ్ళ అరికాళ్ళు నున్నగా, బోసిగా ఉండేవి. చలికాలం వస్తే కొండరాళ్ళు జివ్వుమనేవి. పిల్లల కాళ్ళు పగిలేవి. కాలు పగిలిన పిల్ల పరుగెత్తలేదు. పరుగెత్తలేని పిల్లంటే నక్కకు మహా ముద్దు.

అందుకే సింగారి అనే తల్లికుందేలు కూతురు ముత్తికి ఉన్నిజోళ్ళు తేవాలని గొర్రె పోలమ్మ దగ్గరికి బయల్దేరింది.

"నువ్వాగవే! మంచీచెడ్డా చూసి ఎంచడం ఆడవాళ్ళకేం తెలుసు?" అన్నాడు మొగుడు వీరభద్రం. కూతురి పాదం ఎంతుంటుందో అతను ఎన్నడూ చూసిన పాపాన పోలేదు. అయినా వెళ్ళాడు.

"జోడు కాలిని పట్టుకుని ఉండాలి, వేళ్ళు కదిలితే చాలు," అని చెప్పింది పోలమ్మ. "మురికైతే చన్నీళ్ళలో ముంచి నీడన ఆరెయ్యి. వేడినీళ్ళలో రుద్దావో, ఉన్ని ముడుచుకుపోతుంది."

వీరభద్రం తల ఊపాడు. తల ఊపితే తన చెవులు అందంగా ఊగుతాయని అతనికి తెలుసు. వినడం వేరే పని.

"ఎదిగే పిల్ల!" అంటూ అన్నిటికన్నా పెద్ద జోళ్ళు తెచ్చాడు.

అవి తొడుక్కుని ముత్తి రెండడుగులు వేసి దబ్బున పడింది.

"పెద్దవయ్యాయి, మార్చుకురా," అంది సింగారి.

"జోళ్ళు సరిగ్గానే ఉన్నాయి. పిల్ల కాళ్ళే చిన్నవి. నువ్వు సరిగ్గా పెంచితేగా!"

ఆ మాటకు అత్తగారు అవునంది. కొడుకు ఏమన్నా ఆవిడ అవునంటుంది.

మర్నాడే నక్క వెంటపడింది. ముత్తి పడుతూ లేస్తూ, బురదలో దొర్లుతూ, చివరికి ముళ్ళపొదలో దూరి బతికింది.

"ఇక నేనే వెళ్ళి మారుస్తాను," అంది సింగారి.

"నేను తెచ్చినవి నువ్వు మారిస్తే నా పరువేం కాను?" అన్నాడు వీరభద్రం. "ముందు ఆ బురద పోనీ. నేనే ఉతుకుతాను."

పుట్టాక అతను ఉతకబోవడం అదే మొదలు. సింగారి మేతకు వెళ్ళగానే, జోళ్ళు విప్పకుండానే ముత్తిని వేడినీళ్ళ ఊటలో నిలబెట్టి కుంకుడుకాయతో బరబరా రుద్దాడు. ఉన్ని ముడుచుకుని ముడుచుకుని పిల్ల పాదాలకు అతుక్కుపోయింది. లాగితే రాలేదు. ముత్తి గుక్కపట్టి ఏడ్చింది.

సింగారి పరుగున వచ్చింది. "ఏం చేశావయ్యా?"

"సైజు సరిచేశాను," అన్నాడు వీరభద్రం.

ఏడుపు విని నక్క రానే వచ్చింది. ముత్తి లేచి ఉరికింది. జారలేదు, పడలేదు, అడుగుల చప్పుడైనా లేదు. నక్క నోట్లో దుమ్ము పడింది.

ఇక చూడండి సంబరం! "ఎంత ముందుచూపయ్యా నీది!" అని కుందేళ్ళన్నీ పోలమ్మ దగ్గర జోళ్ళు తెచ్చుకుని ఊట దగ్గర బారులు తీరాయి. పిల్లలకూ పెద్దలకూ జోళ్ళు అతికించింది వీరభద్రమే. తనకూ అతికించుకున్నాడు. మొదటినుంచీ తన ఆలోచన ఇదేనట.  పిల్ల దక్కింది, అంతే చాలనుకుంది సింగారి.

సాయంత్రం వీరభద్రం మట్టికాళ్ళు ఆమె ముందు చాపాడు. "ఇవి విప్పడానికి రావడం లేదే. కాస్త శుభ్రం చెయ్యి."

"నీకు నాలుక లేదా?" అంది సింగారి. "ఇన్నాళ్ళూ మాటలకే వాడావు. ఇప్పుడు కాళ్ళకు వాడు."

పక్కపొదల్లోని ఆడకుందేళ్ళు చెవులు నిక్కించి విన్నాయి. ఆ పూట ప్రతి పొదలోనూ మొగుళ్ళకు అదే జవాబు వినిపించింది.

అప్పటినుంచే కుందేలు అరికాళ్ళ నిండా ఉన్ని. అప్పటినుంచే ఆడదైనా మగదైనా, ఎవరి కాళ్ళు వాళ్ళే నాక్కుంటారు.